కోయించమన్నావు కదా, తమ్ముడూ!

ప్రొద్దుటూరు
9-6-1957

తమ్ముడు అమీర్ బాషాకు మీ అక్క మాబున్ని దీవెనలు.

ఇక్కడ ఒకరు తప్ప అందరమూ బాగున్నాము. ఆ ఒకరి కోసమే ఇన్‌లాండు కొన్నాను. లేకపోతే కార్డుముక్కతో సరిపెట్టేదాన్ని.

నవ్వకుండా చదువు. కిందటేడు మా ఊరికి సర్కసు వచ్చినప్పుడు వాళ్ళ పాత పరుపులన్నీ మీ బావే దూది ఏకి మళ్ళీ కుట్టి ఇచ్చాడు. డేరా ఎత్తేసే రోజు ఆ సర్కసాయన ఒక తెల్ల ఎలుకను తెచ్చి నా చేతిలో పెట్టాడు. నిచ్చెన ఎక్కమంటే ఎక్కదట, తాడు మీద నడవమంటే నడిమధ్యలో కూర్చుని మూతి కడుక్కుంటుందట. పని చేయనిదాన్ని ఎన్నాళ్ళు మేపాలమ్మా అన్నాడు. దాని పేరు మున్నీ. పరుపులు కుట్టే ఇంట్లో ఎలుకను సాకడమా అని వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది. మీ బావ అయితే "యాడన్నా ఒక్క మెత్త కొరికిందనుకో, దాన్నీ నిన్నూ ఇద్దర్నీ బయటికి తోస్తా" అన్నాడు. ఇప్పుడు ఆయన పళ్ళెంలోనే సంగటి తింటోంది. అది చాటుగా దూది కొరుకుతుంది, ఆయన చూసీ చూడనట్టు పోతాడు. నేను కుట్టుకుంటూ కూర్చుంటే భుజమెక్కి చెవిలో ముక్కు పెట్టి ఏదో వాసన చూస్తుంది. నాకు దాని మీద ప్రాణం పడిపోయింది, దాచుకోవడం ఎందుకు.

ఇంతకూ సంగతి. మా పిల్లకు రొమ్ము కింద గడ్డ లేచింది. మొదట శనగ గింజంత ఉండేది, ఇప్పుడు ఉసిరికాయంత అయింది. దాని ఒళ్ళెంత, ఆ గడ్డెంత! ముందరి కాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది. తిండి తగ్గిపోయింది. పక్కింటి జానీబీ చెప్పిందని పసుపూ సున్నమూ కలిపి పట్టు వేశాను. ఆముదపు ఆకు వెచ్చజేసి కట్టాను. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కడితే తాడు కొరికి పారేసింది. వాత పెట్టమని కొందరంటున్నారు. నాకు చేతులు రావడం లేదు. నువ్వు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరువి, ఏం చేయాలో వెంటనే రాయి. దాన్ని చూస్తుంటే నాకు ముద్ద దిగడం లేదు.

నీ జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న
మాబున్ని


పులివెందుల
16-6-1957

అక్కకూ బావకూ అమీర్ బాషా సలాములు.

నీ జాబు అందింది. అందిందనే మాటే కానీ, మా పోస్టుమ్యాన్ చెన్నయ్య వానలో సైకిలుతో సహా వంకలో పడ్డాడు. పై సగం సిరా అంతా కారిపోయి కాగితానికి నీలిమందు పెట్టినట్టుంది. 'ఇంతకూ సంగతి' అన్న దగ్గర నుంచి మాత్రం చదవగలిగాను. పైన ఎప్పుడూ ఉండే క్షేమసమాచారాలే కాబట్టి పోయిందేమీ లేదు.

పిల్ల విషయంలో ఆలోచించేది ఏముంది? కోయించెయ్. పట్లూ ఆకులూ తాయెత్తులూ అన్నీ దండగ. వాత మాట అసలే ఎత్తొద్దు. ఇలాంటివి రోజూ చూస్తుంటాను, ఇవాళా రేపూ అని నానబెట్టినవాళ్ళే తర్వాత తలలు బాదుకుంటారు. గడ్డ పెరిగేకొద్దీ ఒళ్ళు కరిగిపోతుంది. బక్రీదు దాకా ఆగితే లాభం లేదు. చేయి తిరిగిన మనిషిని పిలవండి, కత్తి పదునుగా ఉండాలి, పిల్ల బాధపడకూడదు. కాళ్ళు గట్టిగా పట్టుకోవడానికి ఇద్దరైనా కావాలి, బావ ఒక్కడి వల్ల కాదు. నువ్వు మాత్రం దగ్గర నిలబడొద్దు. నీ గుండె సంగతి నాకు తెలుసు.

మేము రాలేకపోయినా మా వాటా మరిచిపోవద్దు. మీ మరదలు చాంద్‌బీ కూడా అదే రాయమంది.

ఇక్కడ ఎండలు తగ్గాయి. గొర్రెలకు జబ్బులు మొదలయ్యాయి, నాకు ఊపిరాడటం లేదు.

మీ అమీర్ బాషా


ప్రొద్దుటూరు
21-6-1957

నా తమ్ముడికి, బంగారానికి, అక్క ముద్దులు.

నీ జాబు చదివి ఏడ్చేశాను. ఎగతాళి చేస్తావేమోనని భయపడుతూ రాశాను అమీరూ, ఒట్టు. పై సగం తడిసిపోయినా సంగతి ఎంత బాగా పట్టేశావు! ఊరంతా తలా ఒక ఆకు పేరు చెబుతుంటే, కోయించెయ్ అని ఒక్క మాటలో తేల్చినవాడివి నువ్వే. మన అమ్మకు గడ్డ లేచిన రోజుల్లో ఆ మాట అనే మగవాడు మనింట్లో ఒక్కడు ఉండి ఉంటే ఎంత బాగుండేది. నాన్న తమ్ముళ్ళు అంతమంది ఉన్నారు, ఏం లాభం?

బాధలో మా వాటా మరిచిపోవద్దన్నావు చూడు, ఆ ముక్క చదివి వినిపిస్తే మీ బావ అవతలికి పోయి కళ్ళు తుడుచుకున్నాడు. "బామ్మర్దికి ఇంత మంచి గుండె ఉందని ఇన్నాళ్ళూ తెలీకపాయె" అన్నాడు.

కాళ్ళు పట్టుకోవడానికి ఇద్దరు కావాలా? నీ వెటకారం ఎక్కడికి పోతుంది! మున్నీ కాళ్ళు అగ్గిపుల్లలంత ఉంటాయి, మీ బావ బొటనవేలు అడ్డం పెడితే చాలు. అయినా ప్రొద్దుటూరులో తెల్ల ఎలుకకు కత్తి పెట్టే డాక్టరు ఎక్కడున్నాడు? బజారులో హోమియో ఆయన తెల్ల చక్కెర మాత్రలు ఇచ్చాడు, మూడు పూటలా అడిగి మరీ తింటోంది, గడ్డ మాత్రం తగ్గలేదు. మీ డాక్టరు గారినే అడుగు. దారి చూపినవాడివి నువ్వే, చేయి పట్టి నడిపించాల్సింది కూడా నువ్వే.

చాంద్‌బీకి నా దువా. మా మరదలు మనసు వెన్న.

నిన్ను చూసి గర్వపడుతున్న
అక్క మాబున్ని


పులివెందుల
26-6-1957

అక్కా,

ఎలుకా?!

నీ జాబు ఆసుపత్రిలో చదువుతూ పైకే అరిచాను. గొర్రెల కోసం వచ్చినవాళ్ళందరూ నా కాళ్ళ దగ్గర ఎలుక దూరిందనుకుని లేచి నిలబడ్డారు.

నేను గొర్రెపిల్ల అనుకున్నాను. ఈ పల్లెల్లో పిల్ల అంటే గొర్రెపిల్లే. పొద్దున తలుపు తీస్తే చాలు, "సామీ, పిల్ల మేత ముట్టడంల్యా", "సామీ, పిల్ల శానా దగ్గుతాండాది" అని అవే మాటలు వింటూ బతుకుతున్నాను. బక్రీదుకు మేపుతున్నారేమో అనుకుని, గడ్డ లేచినది కుర్బానీకి చెల్లదు కాబట్టి ముందే కోసుకు తినమన్నాను. కాళ్ళు పట్టుకోమన్నది అందుకే. మా వాటా అంటే మాంసం. బావ కళ్ళు తుడుచుకున్నది ఒక తొడ ముక్క కోసమని ఆయనకు ఎలా చెబుతావో నీ ఇష్టం.

ఇక ఆపరేషను మాట. మా డాక్టరు గుంటూరు వైపు మనిషి. మన మాట విని ఇప్పటికే ముసిముసిగా నవ్వుకుంటుంటాడు. మా అక్క ఎలుకకు ఒంట్లో బాగాలేదండీ అని ఏ మొహంతో అడగను? అది ఎలుక అక్కా. బోను పెట్టి పట్టుకునే ఎలుక. ఎన్నాళ్ళు బతికితే అన్నాళ్ళు ముద్ద పెట్టు, అంతే.

ఇంకొకటి. నువ్వు అమ్మ మాట ఎత్తావు. ఆసుపత్రిలో కోసినందుకే అమ్మ పోయింది. బండి మీద కూర్చుని పోయిన మనిషి చాపలో వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇప్పటికీ మా డాక్టరు కత్తి తీస్తే నేను మొహం పక్కకు తిప్పుకునే బేసిను పట్టుకుంటాను. కత్తి మాట నా దగ్గర ఎత్తకు.

చాంద్‌బీ మాత్రం నవ్వలేదు. ఆ గడ్డ పట్టి చూస్తే కదులుతుందా, నొప్పి ఉన్నట్టు ఉందా అని నిన్ను అడగమంది. ఎలుక మీద దానికి ఇంత జాలి ఎక్కడి నుంచి వచ్చిందో!

అమీర్ బాషా


ప్రొద్దుటూరు
30-6-1957

అమీర్ బాషాకు,

దీవెనలు ఈసారి చివరలో చూద్దాం.

తొడ మాంసం సంగతి మీ బావకు చదివి వినిపించాను. ఏకుతున్న దూది పక్కన పెట్టాడు. తర్వాత "యాడన్నా పోనీ, కోయించమన్నాడా లేదా? అది చెప్పు" అన్నాడు. నాదీ అదే మాట. మాంసం కోసమే అన్నావో, మమకారంతోనే అన్నావో, కోయించమన్నావు. ఆ మాట నిన్ను వెనక్కి తీసుకోనివ్వను.

ఇక అమ్మ విషయం. అప్పుడు నువ్వు పలక పట్టుకు తిరిగేవాడివి. బండి పోవడం, చాప రావడం, నీకు గుర్తున్నది ఆ రెండే. దానికి ముందు గడిచిన ఏడాది నాకు తెలుసు. గడ్డ శనగ గింజంత ఉన్నప్పుడు అమ్మ నాకే చూపించింది, నీళ్ళు పోసుకుంటూ. ఎవరితోనూ అనొద్దని ఒట్టు పెట్టించుకుంది. తర్వాత తెలిసి పట్టు వేశారు, ఆకు కట్టారు, తాయెత్తు కట్టారు, వాత పెట్టారు. మగ డాక్టరు చూస్తాడేమోనని నాన్న వద్దన్నాడు, పండగ పోనీమని చిన్నాన్న అన్నాడు. చివరికి ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ నా మొహం చూసి "ఇన్నాళ్ళూ యాడుంటిరమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అమ్మను కత్తి చంపలేదు అమీరూ. ఆలస్యం చంపింది.

మొన్న పొద్దున మున్నీకి పసుపూ సున్నమూ నూరుతుంటే నా చేయి ఆగిపోయింది. పట్టు, ఆకు, తాయెత్తు. అమ్మకు చేసిన వరసలోనే చేసుకుంటూ వస్తున్నాను. ఇక మిగిలింది వాత ఒక్కటే. పొత్రం పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను.

ఎలుకే, నాకూ తెలుసు. కానీ మళ్ళీ ఒకసారి చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు. మీ డాక్టరును అడగకపోతే నేనే పులివెందుల బస్సెక్కి వచ్చి మీ ఆసుపత్రి ముందర గొర్రెల వరసలో కూర్చుంటాను, మున్నీని ఒళ్ళో పెట్టుకుని. ఎవరమ్మా నువ్వంటే కాంపౌండరు అక్కనని గట్టిగా చెబుతాను.

చాంద్‌బీ అడిగినదానికి జవాబు: పట్టుకుంటే తోలు కింద గోలీలా జారుతుంది. నొక్కితే నొప్పి ఉన్నట్టు లేదు. కానీ పెరుగుతోంది. ఆ మాట కూడా చెప్పు.

దీవెనలు. కోపంగానే.
మాబున్ని


పులివెందుల
5-7-1957

అక్కకు సలాం.

నువ్వు గొర్రెల వరసలో కూర్చుంటానంటే కూర్చునే మనిషివే. అందుకని అడిగాను.

మొదట "గొర్రెపిల్లకు రొమ్ము కింద గడ్డ అండీ" అని అబద్ధంతో మొదలుపెట్టాను. ఎంత బరువుంటుందని అడిగాడు. నోట్లోంచి "దోసిట్లో పడుతుందండీ" అని నిజం వచ్చేసింది. ఇక దాచలేక అంతా చెప్పి తల వంచుకుని నిలబడ్డాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఎలుకా? తెల్లదేనాండీ? కళ్ళు ఎర్రగా ఉంటాయా?" అని అడిగాడు. నవ్వుతాడనుకున్నవాడు కాస్తా పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు. మద్రాసులో చదువుకునే రోజుల్లో వాళ్ళ కాలేజీలో తెల్ల ఎలుకలు బోలెడన్ని ఉండేవట. వాటికి మత్తు ఇవ్వడం, కోయడం, కుట్టడం అంతా చేశాడట. ఇక్కడికి వచ్చాక గొర్రెలు తప్ప వేరే జీవం మొహం చూడలేదని వాపోయాడు.

ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆడ తెల్ల ఎలుకలకు ఇలాంటి గడ్డలు రావడం మామూలే. తోలు కింద జారుతోందంటే చాలావరకు చెడ్డగడ్డ కాదు, తీసేస్తే బతుకుతుంది. తీయకపోతే పెరిగి పుండు పడుతుంది, తిండి మానేసి పోతుంది. మందులతో కరగదు. ప్రమాదమంతా మత్తు దగ్గరే. కొంచెం ఎక్కువైనా అంత చిన్న గుండె ఆగిపోతుంది. "రెండు దారుల్లోనూ భయం ఉందండీ. మీ అక్కగారినే తేల్చుకోమనండి" అన్నాడు. బక్రీదు పోయాక గొర్రెల టీకాలకు మేము జమ్మలమడుగులో క్యాంపు పెడుతున్నాము. తేవాలనుకుంటే అక్కడికి తెమ్మన్నాడు.

నన్నడిగితే వద్దనే అంటాను. నీ ఉత్తరం చదివాక అమ్మ విషయంలో నేను ఇన్నేళ్ళూ తప్పు మనిషిని తిట్టుకున్నానని తెలిసింది. అయినా భయం భయమే.

ఆ ఉత్తరాన్ని చాంద్‌బీ రెండుసార్లు చదివింది. పొయ్యి మీద రొట్టె మాడిపోతున్నా చూసుకోలేదు.

అమీర్


ప్రొద్దుటూరు
10-7-1957

తమ్ముడికి దీవెనలు.

కోయించు.

మీ బావ తెస్తాడు. గంపలో కొత్త దూది పరిచాను, బస్సులో తలుపు పక్క కడ్డీకి తగిలించకుండా ఒళ్ళోనే పెట్టుకోమని చెప్పాను. మూటలో శనగలు, బెల్లం ముక్క ఉన్నాయి, లేచాక పెట్టండి. లేవకపోతే ఆ దూదిలోనే చుట్టి తెమ్మన్నాను.

నేను రావడం లేదు. ఇక్కడ కొత్త టాకీసు తెరుస్తున్నారు, ఫస్టు క్లాసు కుర్చీల మెత్తలన్నీ మావే, నేను కదిలితే పని ఆగుతుంది. ఇది వీధివాళ్ళకు చెప్పిన మాట. నిజమేమిటంటే, పొద్దుటి నుంచీ సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను.

ఒక్కటి అడుగుతాను. ఈసారి మొహం తిప్పుకోకు. మనవాళ్ళెవరో ఒకరు చూడాలి.

అక్క


జమ్మలమడుగు
15-7-1957

అక్కా, అక్కా, అక్కా!

బతికింది. ముందు ఆ మాట చదువుకో, ఊపిరి పీల్చుకుని తర్వాత మిగతాది చదువు. ఈ ఉత్తరం కంటే ముందు బావ ఇల్లు చేరతాడని తెలుసు. అయినా ఆయన "బాగైంది" అని ఒక్క మాట చెప్పి నీళ్ళడుగుతాడు. అందుకని నేనే రాస్తున్నాను.

బావ గంప ఒళ్ళో పెట్టుకుని వచ్చేసరికి టీకాల కోసం గొర్రెలు బారులు తీరి ఉన్నాయి. సింహాద్రిపురం నుంచి వచ్చిన సిద్దయ్య అనే పెద్దమనిషి గంపలోకి తొంగి చూసి గొంతెత్తాడు. "ఏందప్పా ఇది? మా జీవాలు ఎండలో నిలబడి సస్తాంటే ఎలికికి ఆపరేషనా?" అన్నాడు. బావ ఏమన్నాడో తెలుసా? "ఎలికి కాదు మామా, మా ఇంటి పిల్ల" అన్నాడు. సిద్దయ్య పక్కకు జరిగి దారి ఇచ్చాడు. పిల్ల అన్నాక ఇక వాళ్ళు మాట్లాడరు.

డాక్టరు గాజు సీసాలో మత్తుమందు దూది వేసి మున్నీని అందులో ఉంచాడు. అది రెండు అడుగులు వేసి, కూర్చుని, పక్కకు ఒరిగింది. బల్ల మీద పెట్టాక ఆయన నాకొక పని అప్పజెప్పాడు. మత్తు దూది ముక్కు దగ్గరకు తేవడం, తీయడం. దాని పొట్ట ఎగసిపడటాన్ని చూస్తూనే ఉండాలి, కన్ను పక్కకు పోతే ప్రాణం పోతుందన్నాడు. నువ్వే ఆయనకు చెప్పి పెట్టినట్టుంది. మొహం ఎలా తిప్పుకోను?

చూశాను అక్కా. మొత్తం చూశాను. గడ్డ పైన చిన్న గాటు పెట్టాడు, వేలితో నిదానంగా ఊడదీశాడు. తొక్క ఒలిచిన నిమ్మతొనలా చక్కగా బయటికొచ్చింది. రక్తం దాదాపు లేదు. ఇదా, ఇన్నేళ్ళూ నేను భయపడింది అనిపించింది. కుట్లు వేస్తుండగా మున్నీ పొట్ట ఆగిపోయింది. నేను అరిచాను. దూది విసిరేశాను. డాక్టరు వేలితో దాని రొమ్ము మీద మెల్లగా ఒత్తాడు, నేను ముక్కు మీద ఊదాను. బావ గోడకు ఆనుకుని కలిమా చదువుతున్నాడు. కాసేపటికి పొట్ట మళ్ళీ కదిలింది. కుట్లు పూర్తయ్యేదాకా దాని పొట్ట మీద నుంచి నేను కన్ను తీయలేదు.

అప్పటికి గొర్రెల వాళ్ళంతా కిటికీకి అతుక్కుపోయారు. మున్నీ కళ్ళు తెరిచింది. తూలింది, పడింది, మళ్ళీ లేచింది. లేచి ఏం చేసిందో ఊహించు. బల్ల మధ్యలో కూర్చుని రెండు చేతులతో మూతి కడుక్కుంది! సర్కసాయనకు నచ్చేది కాదని బావ చెప్పిన ఆ పనికే జమ్మలమడుగు జనమంతా ఈలలు వేశారు. సిద్దయ్య తలపాగా తీసి గాల్లో తిప్పాడు. "శానా గట్టి పిల్లప్పా!" అన్నాడు. బావ ఏడుస్తూ ఆయన్నే వాటేసుకున్నాడు.

డాక్టరు ఒక జాగ్రత్త చెప్పాడు. అది కుట్లు కొరుక్కుంటుంది. అలా కొరక్కుండా చూడటం నీ వంతు.

మొహం తిప్పుకోని నీ తమ్ముడు
అమీర్ బాషా


ప్రొద్దుటూరు
24-7-1957

నా తమ్ముడికి, నా కాంపౌండరుకి, నా సింహానికి కోటి దీవెనలు.

నీ ఉత్తరం నలిగిపోయింది. జానీబీకి చదివాను, టాకీసు మేనేజరుకు చదివాను, పాలు పోసే ఆమెకు చదివాను. పసుపూ సున్నమూ చెప్పిన జానీబీ అయితే "నేను ముందే అన్లా, కోయించమని?" అంటోంది. అననీ, నాకు ఎవరి మీదా కోపం లేదు.

కుట్ల సంగతి నాకు వదిలెయ్. టాకీసు కుర్చీల ఎర్ర మఖమలు గుడ్డలో ముక్క మిగిల్చి దానికి చొక్కా కుట్టాను. వెనక ముడి వేసే బొందులు. వేసుకున్న పూట అలిగి నాకు వీపు చూపించి కూర్చుంది. మర్నాటికి అలవాటు పడింది. ఇప్పుడు ఎర్ర చొక్కాతో ఇల్లంతా నవాబులా తిరుగుతోంది, వీధిలో పిల్లా పెద్దా చూసిపోతున్నారు. పరుపుల ఇంట్లో ఎలుకా అని బుగ్గలు నొక్కుకున్నవాళ్ళే దానికి శనగలు తెస్తున్నారు.

కానీ దానికి తిండి మీద ధ్యాస లేక నాకు బెంగగా ఉండేది. దూది కూడా ముట్టలేదు. దూది జోలికి పోతే బయటికి తోస్తానన్న మనిషి మంచి దూది ఏరి దాని ముందు పోసి "కొరకమ్మా, కొరుకు" అని బతిమాలుతుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అది చూడనైనా చూడలేదు. నిన్న మధ్యాహ్నం ఫస్టు క్లాసు మెత్త ఒకటి కుట్టి పక్కన పెట్టి నీళ్ళకు పోయాను. వచ్చేసరికి మెత్త మూల కొరికి, తలదాకా దూరి, దూది బయటికి లాగుతోంది! మీ బావ ఇంట్లోంచి ఉరికి వచ్చి "కొరికిందే! కొరికిందే!" అని వీధంతా వినిపించేలా కేక పెట్టాడు. నిప్పంటుకుందనుకుని జనం పోగయ్యారు.

ఇప్పుడు నీతో ఒక మాట. ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. ఎలుక గడ్డ కదులుతుందా, నొప్పి ఉందా అని ఎవరూ ఊరికే అడగరు. ఎలుక కోసం ఎవరూ రొట్టె మాడబెట్టుకోరు. అమ్మ నీళ్ళు పోసుకుంటూ నాకు చూపించిన రోజు ఆమె మొహం ఎలా ఉందో నాకు తెలుసు. చాంద్‌బీని పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడుగు. నా అనుమానం తప్పయితే నన్ను తిట్టుకో. తప్పు కాకపోతే ఒక్క పూట కూడా ఆగకు. పండగలు చూడకు, ఆకులు వెతకకు.

అక్క మాబున్ని


జమ్మలమడుగు
4-8-1957

అక్కకు,

నిన్ను తిట్టుకునే పని పడలేదు.

నీ జాబు అందిన సాయంత్రమే అడిగాను. చాంద్‌బీ ముందు పొయ్యి వైపు తిరిగింది. తర్వాత నా చేయి పట్టుకుని గడ్డ మీద పెట్టింది. కిందటి ఉగాది నుంచి ఉందట. నాకు కత్తి అంటే భయమని, చెబితే నేను తట్టుకోలేనని దాచిందట. చూశావా, నా భయాన్ని అది మోసింది. నేను దాని చేయి వదలలేదు. అదే అంది, "ఎలికికి చేయించినారు కదా, నాకు చేయించరా?" అని.

ఇక ఆగలేదు. పొద్దున మొదటి బస్సుకే ఇక్కడి మిషన్ ఆసుపత్రికి తీసుకొచ్చాను. డాక్టరమ్మ పట్టి చూసి, ఇంకా ముదరలేదు, తీసేద్దాం అంది. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారని అడగలేదు అక్కా. "తొందరగా వచ్చినావు, మంచి పని చేసినావు" అంది. బయటికి వచ్చి గోడ పట్టుకుని ఏడ్చాను. అమ్మకు అనని మాట చాంద్‌బీకి అన్నారు.

ఆపరేషను అయింది. గడ్డను పరీక్షకు పంపారు, కబురు వచ్చేదాకా ఉత్తరం రాయలేదు. ఇవాళ వచ్చింది. చెడ్డది కాదు. మామూలు గడ్డే. భయం లేదన్నారు.

మత్తు వదిలి కళ్ళు తెరిచాక మొదట ఏం అడిగిందో చెప్పనా? "నీళ్ళు తెచ్చియ్యండి, మొగం కడుక్కుంటా" అంది. నేను పడీ పడీ నవ్వాను. నాకు మతి పోయిందని నర్సమ్మ అనుకుంది. చాంద్‌బీకి కుట్లు లాగుతున్నా తనూ నవ్వింది.

కింద దాని రాత.

వదినా, నేను బాగుండా. ఎర్ర చొక్కా నాకూ కుట్టిస్తావా? మున్నీకి నా ముద్దులు. చాంద్‌బీ.

అమీర్ బాషా


ప్రొద్దుటూరు
9-8-1957

అమీరుకూ చాంద్‌బీకీ ఇద్దరికీ కలిపి దీవెనలు.

మీ బావ పరుపు తీసుకుని రేపటి బస్సుకు బయలుదేరుతున్నాడు. కొత్త పత్తి, పింజ పింజా నేనే ఏరాను. చాంద్‌బీ ఇంటికి పోయాక దాని మీదే పడుకోవాలి, పొయ్యి దగ్గరికి పోకూడదు. రొట్టెలు నువ్వు కాల్చు, మాడితే నువ్వే తిను. ఎర్ర చొక్కా గుడ్డ కూడా పెట్టాను. ఈసారి టాకీసుది కాదు, బజారులో కొన్నదే.

పరుపు విప్పి చూశాక నన్ను తప్పుపట్టకండి. కాళ్ళ వైపు మూలలో వేలు దూరేంత చిల్లు ఉంటుంది. నిన్న మూట కట్టబోతుండగా మున్నీ కొరికింది. చొక్కా విప్పేశాం, కుట్లు మానిపోయాయి, పళ్ళు మళ్ళీ పదునెక్కాయి. మీ బావ సూది తీసుకుంటే నేనే చేయి పట్టుకున్నాను. మా ఇంట్లోంచి చిల్లుతో ఒక పరుపు గడప దాటడం ఇదే మొదలు.

దాన్ని కుట్టొద్దు. అది మున్నీ తన చేత్తో చాంద్‌బీకి పెట్టిన సంతకం.

మీ అక్క
మాబున్ని